భాద్రపదం చివర పెరడంతా పీకించాలా? ముందు నీళ్ళకి దారి, తరువాత మీకో కుర్చీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. హైదరాబాదులో ఉద్యోగం మానేసి కోనసీమలో కొత్తపేట దగ్గర మీ నాన్నగారి ఇంటికి వచ్చేశారు. వెనకాల ఎనిమిది సెంట్ల పెరడు. మే నెల ఎండలో బిందెలతో నీళ్ళు మోసి బీర, చిక్కుడు, టమాట, బొప్పాయి, చేమంతి అన్నీ పెట్టారు. ఇప్పుడు వినాయక చవితి వెళ్ళిపోయింది, పొద్దున్న పూట గాలి హాయిగా ఉంటోంది, తీరా తోటలో కూర్చుందామంటే కూర్చునేలా లేదు: బీరపాదు పసుపెక్కింది, టమాటాలు చచ్చాయి, చిక్కుడు పందిరి నిండా ఆకే గాని పూత లేదు, గడ్డి మోకాలి దాకా వచ్చింది, పైగా దోమలు. "మొత్తం పీకించేసి మళ్ళీ మొదలు పెట్టాలా? ఎండలు పోయిన ఈ రోజుల్ని తోటలో గడపాలనే కదా ఇంత దూరం వచ్చింది" అని అడిగారు.

పీకించకండి. ఈ నెలన్నరలో మీరు చెయ్యాల్సిన పనులు రెండే: నిలిచిన నీళ్ళు బయటికి పోయేలా చూడడం, మీరు కూర్చునే చోటు ఒక్కటి బాగుచేసుకోవడం. మిగతా తోటని దాని మానాన దాన్ని వదిలెయ్యండి. మీరు రాసిన బాధల్లో సగం అక్టోబరు చివరికి వాటంతటవే తీరిపోతాయి. కొత్త మొక్కలు నేలలో పెట్టడానికి ఇంకా టైం ఉంది, ఎందుకో కింద చెప్తాను.

ఈవిడెవరు చెప్పడానికి అంటారేమో. పెళ్ళయి అంబాజీపేట దగ్గర పల్లెటూరికి వచ్చి ముప్పై ఏళ్ళు. మధ్యలో పదకొండేళ్ళు కడియంలో కాపురం ఉండి అక్కడో నర్సరీలో నారుమళ్ళ పని చూశాను. ఇప్పుడు పన్నెండు సెంట్ల పెరడు, అందులో ఏడు కొబ్బరి చెట్లు, ఒక పనస, ఒక దబ్బ, తక్కినవన్నీ ఏటికేడాది మారేవే. చదువుకుని నేర్చింది తక్కువ, చంపుకుని నేర్చింది ఎక్కువ.

మొదట ఒక మాట. మీరు చూస్తున్న వీడియోలు బెంగళూరువో పుణేవో అయి ఉంటాయి. అక్కడ సెప్టెంబరు అనగానే "సీజన్ మొదలు, అన్నీ నాటండి" అంటారు. గోదావరి డెల్టాలో లెక్క వేరండి. మనకి ఎండాకాలానికీ శరత్తుకీ మధ్య మూడు నెలల వాన ఉంటుంది, ఆ వాన నీళ్ళు సముద్రానికి పోవడానికి తొందరపడవు. ధవళేశ్వరం దిగువన నేలంతా పళ్ళెంలా ఉంటుంది. ఒక పక్క కాలవలు నిండుగా పారుతుంటాయి, ఇంకో పక్క చుట్టూ వరిచేలల్లో నీళ్ళు కట్టి ఉంటాయి, మన నూతిలో నీళ్ళు చేత్తో ముంచుకునేంత పైకి వస్తాయి. అంటే మీ పెరట్లో పైన రెండంగుళాల మట్టి ఆరినట్టు కనిపించినా వేళ్ళు ఉన్నచోట తడి అలాగే ఉంటుంది. మే నెలలో మొక్కలు దాహంతో చస్తే, భాద్రపదంలో ఊపిరాడక చస్తాయి. మీ టమాటాలకి జరిగింది అదే అని నా అనుమానం. పొద్దున్న వాడిపోయి కనిపించాయి, పాపం దాహమేమో అని మీరు ఇంకో బిందె పోసి ఉంటారు. నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను.

కాబట్టి నీళ్ళ సంగతి. గట్టి వాన వెలిసిన అరగంటకి గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళండి. నీళ్ళు ఎక్కడెక్కడ నిలిచాయో అక్కడ పుల్ల గుచ్చండి. మర్నాడు పొద్దున్న మళ్ళీ చూడండి. అప్పటికీ నీళ్ళు ఉన్న పుల్లల దగ్గరే మీకు పని. అక్కడి నుంచి ఊరి బోదె వైపో, రోడ్డు పక్క కాలవ వైపో పారతో జానెడు లోతు కాలవ తియ్యండి. తీసిన మట్టిని మొక్క మొదట్లో కాకుండా రెండు పక్కలా గట్టులా వెయ్యండి, వచ్చే నెల ఆ గట్టే మీకు మెరక మడి అవుతుంది. ఇద్దరు మనుషులకి ఒక పూట పని. మా అత్తగారు ఈ పనికి "పెరటికి తల దువ్వడం" అనేవారు, హస్త కార్తె లోపల దువ్వేయాలనేది ఆవిడ పట్టు. హస్త వచ్చేది సెప్టెంబరు 27 ప్రాంతంలో. ఆవిడ క్యాలెండరు చూసేది కాదు, కార్తెలే చూసేది, "ఉత్తర చూసి ఎత్తర గంప" (ఉత్తర కార్తెలో వాన లేకపోతే గంపెత్తుకుని ఊరు వదలమని) అన్న సామెత మెట్ట వాళ్ళదే గాని మనది కాదు, మనకి ఉత్తరలో నీళ్ళు ఎక్కువై చావు అనేది.

మొక్కల్లో ముందుగా చూడాల్సింది బొప్పాయి. నీళ్ళు నిలిస్తే రెండు మూడు రోజుల్లో వేరు కుళ్ళి ఆకులు వేలాడేస్తుంది, ఆ తరువాత మీరేం చేసినా లేవదు. తరువాత కరివేపాకు, ఆ పైన మిరప, వంగ. అరటి కొంచెం ఓర్చుకుంటుంది, కొబ్బరికి అసలు లెక్కే లేదు. చేమదుంప సంబరపడుతుంది. మీ పెరట్లో ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల ఒకటి ఉంటే దాంతో పోట్లాడకుండా చేమకో, పక్కన గట్టు వేసి పసుపుకో ఇచ్చెయ్యండి. పసుపుకి తడి ఇష్టమే గాని నిలవ నీరు పడదు, అందుకే గట్టు అన్నాను.

ఇంకొకటి, వేసవిలో తడి ఆరకుండా మొక్కల మొదట్లో కొబ్బరి డొక్కలు, పీచు పరిచి ఉంటారు, అందరం పరుస్తాం. వాటిని ఇప్పుడు కాండానికి మూరెడు దూరం జరపండి. ఈ తడిలో అవి నత్తలకి అద్దె ఇళ్ళు, మొక్క మొదలు కుళ్ళడానికి కారణం కూడా అవే. నత్తల్ని రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వెయ్యడమే, నాలుగు రాత్రులు చేస్తే తగ్గుతాయి. నేల మీద ఉప్పు చల్లకండి, మట్టి పాడవుతుంది.

ఇక చిక్కుడు. దీని గురించే ఈ నెలలో నన్ను ఎక్కువమంది అడుగుతారు. పందిరంతా ఆకు, పూత లేదు, తీసెయ్యమంటారా అని. మీది పాత పందిరి చిక్కుడు రకం అయితే, మీ నాన్నగారి ఊళ్ళో ఎవరో ఇచ్చిన గింజలు అన్నారు కాబట్టి అదే అయి ఉంటుంది, అది పగలు పొట్టిబడితే గాని పూయదు. ఆషాఢంలో పెట్టినా పూత పట్టేది దసరా దాటాకే, కాయ దండిగా వచ్చేది మార్గశిరం, పుష్యమాసాల్లో. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేస్తామే, ఆ లెక్క ఊరికే పెట్టలేదు. మన డెల్టాలో జూన్ చివర పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు చివరికి 11 గంటలు. ఈ రెండు గంటల తేడా మనకి పెద్దగా తెలియదు, మొక్కకి తెలుస్తుంది. సెప్టెంబరు 22, 23 దాటాక రాత్రి పగటిని దాటుతుంది, అక్కడి నుంచి చిక్కుడు, చేమంతి, డిసెంబరం పూలు అన్నీ మేలుకుంటాయి. మీరు చెయ్యాల్సిందల్లా యూరియా వెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం. వేస్తే ఇంకా ఆకే వస్తుంది.

చేమంతి మీద నా కథ ఒకటి చెప్పాలి. నర్సరీలో పనిచేసినదాన్ని, నాకు తెలియదా అన్న పొగరుతో ఒక ఏడాది పది చేమంతి కుండీలు వసారా అంచున వరసగా పెట్టాను. నవంబరు వచ్చింది, ఎనిమిది కుండీలు మొగ్గలతో విరగబడ్డాయి, చివరి రెండూ పచ్చగా ఏపుగా పెరుగుతున్నాయి గాని ఒక్క మొగ్గ లేదు. మట్టి మార్చాను, వేపపిండి వేశాను, పేడనీళ్ళు పోశాను, ఏం లేదు. చివరికి మా అబ్బాయి కనిపెట్టాడు: ఆ రెండిటి నెత్తిన ఎల్‌ఈడీ బల్బు ఉంది, దొంగల భయానికి మేం రాత్రంతా వెలిగిస్తాం. వాటికి ఇంకా రాత్రే అవ్వలేదు! కుండీలు ఇంటి వెనక చీకట్లోకి మార్చాను, సుమారు నెలన్నరకి, సంక్రాంతి ముగ్గుల వేళకి పూశాయి. అందుకని చేమంతి, చిక్కుడు పక్కన రాత్రంతా వెలిగే లైటు ఉంటే ఆపెయ్యండి, లేదా కుండీ మార్చండి. అలాగే చేమంతి చిగుళ్ళు తుంచడం ఆగస్టుతో సరి. ఇప్పుడు తుంచితే పోయేది మొగ్గే.

కత్తెర విషయంలో ఇంకా కొన్ని. మామిడి కొమ్మలు కొట్టాల్సింది కాయ కోసేసిన వెంటనే, ఇప్పుడు కొడితే వచ్చే లేత చిగురు ముదిరే లోపల పూత వేళ అయిపోతుంది. మల్లె జోలికి పోకండి, దాన్ని కత్తిరించేది డిసెంబరు చివర్లో. గులాబీ దసరా దాటాక. గోరింట ఎప్పుడైనా సరే, అట్లతద్దికి ఎలాగూ ఊళ్ళో పిల్లలంతా వచ్చి కత్తిరిస్తారు.

ఎండ కూడా జరిగిందని గమనించారా? ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, అక్కడి నుంచి దక్షిణానికి దిగిపోతాడు. అంటే వేసవిలో మీ ఇంటికి ఉత్తరం గోడ వారగా ఎండ తిన్న కుండీలు ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా నీడలోనే ఉంటాయి. పూల కుండీలు దక్షిణం పక్కకి మార్చండి. ఖాళీ అయిన ఉత్తరం పక్క మీ కుర్చీకి.

కుర్చీ అన్నది సరదాకి అనలేదు. మనలో చాలామంది పెరట్లోకి పనికే వెళ్తాం, కూర్చోవడానికి వెళ్ళం. పడక కుర్చీయో నులక మంచమో ఒకటి శాశ్వతంగా అక్కడ ఉంచండి, దాని చుట్టూ పదడుగులు మాత్రం గడ్డి శుభ్రంగా చెక్కించండి, రెండు తట్టలు ఇసుక పోయించండి. ఎనిమిది సెంట్లూ శుభ్రం చేయిస్తే కూలి తడిసి మోపెడవుతుంది, పదిహేను రోజులకి గడ్డి మళ్ళీ లేస్తుంది. పదడుగులైతే మీరే బొరిగెతో చూసుకోవచ్చు. నేను మాత్రం ఆ పదడుగుల్లోనే ఉంటాను, దాని అవతల అడవి.

కూర్చోవాల్సిన వేళలు రెండు. తెల్లవారుజాము అయిదున్నర నుంచి ఏడు. పారిజాతం ఉంటే దాని కింద కూర్చోండి, ఆ వేళకి ఇంకా రాలుతూ ఉంటాయి, మంచు లేకపోయినా నేలంతా తెల్లగా నారింజ చుక్కలతో పరుచుకుంటుంది. కింద పడినా పూజకి పనికొచ్చే పువ్వు అదొక్కటే కదా, మా అత్తగారు రాత్రే చెట్టు కింద పాత చీర పరిచేవారు. మీకు చెట్టు లేదన్నారు, ఇప్పుడే ఒకటి కుండీలో తెచ్చి పెట్టుకోండి, నేలలోకి తరువాత. కడియపులంకలో రోడ్డు పక్క నర్సరీల్లో దొరుకుతుంది, కొనేటప్పుడు పువ్వు ఉన్నదా లేదా అని కాదు, కుండీ అడుగు నుంచి వేళ్ళు బయటికి వచ్చి చుట్టుకుపోయాయా అని చూడండి, చుట్టుకుపోయింది వద్దు.

రెండోది సాయంత్రం నాలుగు నుంచి దీపాల వేళ దాకా. నాలుగింటికి చంద్రకాంతలు విచ్చుకుంటాయి, ఊళ్ళో గడియారం లేని రోజుల్లో దాన్ని చూసే పొయ్యి ముట్టించేవారట. చీకటి పడే వేళకి రాధామనోహరం. అది విచ్చుకున్న రాత్రి తెల్లగా ఉంటుంది, మర్నాటికి గులాబీ, ఆ తరువాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపిస్తే అవి మూడు వయసులు. పక్కన సన్నజాజి ఉంటే ఇంక లోపలికి వెళ్ళబుద్ధి కాదు. ఆ మధ్య మా చుట్టం ఒకాయన విదేశాల నుంచి వచ్చి, అక్కడ ఈ రోజుల్లో ఆకులు ఎర్రబడి రాలతాయి, చూడ్డానికి జనం కార్లేసుకుని వెళ్తారని చెప్పాడు. మనకి ఆకు రాలేది శిశిరంలో. మనకి ఈ కాలం వచ్చినట్టు చెప్పేది లంకల్లో తెల్లగా పూసిన రెల్లు, కాలవలో ఎర్రనీరు తేరుకోవడం, కోయిల నోరు మూసుకోవడం. నాలుగు నెలలుగా చెవులు చిల్లులు పెట్టిన కోయిల ఎప్పుడు ఆగిందో మీరు గమనించి ఉండరు, ఎవరూ గమనించరు, ఒకరోజు హఠాత్తుగా పెరడు నిశ్శబ్దంగా ఉందే అనిపిస్తుంది.

పసుపెక్కిన బీరపాదు కూడా ఇప్పుడే తియ్యకండి. అది దాని ఆయుష్షు అయిపోయి పండుతోంది, వానలకి బూజు తెగులు కూడా పట్టి ఉంటుంది, మందు కొట్టినా దండగ. రెండు మంచి కాయలు విత్తనానికి ఎండనివ్వండి, ఊపితే గలగలలాడాలి. ఆ గింజలు బూడిద కలిపి సీసాలో పెట్టుకుంటే వచ్చే జ్యేష్ఠానికి పనికొస్తాయి, పీచు ఒళ్ళు రుద్దుకోవడానికి. తెగులు ఎక్కువ ఉన్న ఆకులు మాత్రం తుంచి దూరంగా పారెయ్యండి, పెంటపోగులో వెయ్యొద్దు.

నిమ్మ, కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగులు ఉంటే చంపకండి. కరివేపాకు నాలుగు రెమ్మలు తింటే తిననివ్వండి, అవి సీతాకోకచిలుక పిల్లలు. పెద్దవయ్యాక ఆకుపచ్చగా మారి, కొన్నాళ్ళు ఏ పుల్లకో అంటుకుని ఉండి, ఎగిరిపోతాయి. మొక్క మరీ చిన్నదైతే, రెండడుగుల లోపు ఉంటే, తీసి పెద్ద చెట్టు మీద వెయ్యండి. ఈ రోజుల్లో సాయంత్రాలు తూనీగలు గుంపులుగా దిగుతాయి, అవి దోమల్ని తింటాయి, వాటి కోసమైనా పురుగుమందు డబ్బా పక్కన పెట్టండి. పక్క పొలం గట్టు మీద తాడిచెట్టు ఉంటే గిజిగాడి గూళ్ళు చూడండి. సగం అల్లి వదిలేసిన గూళ్ళు కొన్ని ఉంటాయి. మగది అల్లి పిలుస్తుంది, ఆడది వచ్చి చూసి నచ్చకపోతే వెళ్ళిపోతుంది, అది ఇంక ఆ గూడు ముట్టుకోదు. మా ఆయనకి అది చూపించి నవ్వుతూ ఉంటాను, ఆయన కట్టించిన వంటగది నాకు నచ్చలేదు మరి.

కొబ్బరి, జామ ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు పొడి, ఆ కింద ఆకుల మీద నల్ల మసి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో బయటపడింది, ఇప్పుడు కోనసీమలో లేని తోట లేదు. వానలకి కాస్త తగ్గి, పొడి వాతావరణం రాగానే లేస్తుంది. ఘాటు పురుగుమందులు కొడితే దాన్ని తినే చిన్న కందిరీగలు కూడా పోతాయి, ఆ తరువాత రెట్టింపు వస్తుంది. అందినంత మేర పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి, వేపనూనె సబ్బునీళ్ళలో కలిపి ఆకు అడుగున తడపండి. చెట్లు ఎక్కువ ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, కొబ్బరి మీద పనిచేసేవాళ్ళు అక్కడ ఉన్నారు.

ఇక భయపడాల్సినవి. దోమలు, పాములు. ఈ రెండిటి దగ్గర బద్ధకం వద్దు. డెంగీ దోమ మంచినీళ్ళలోనే పెడుతుంది గుడ్లు: కుండీ కింద పళ్ళెం, కొబ్బరి చిప్ప, పాత టైరు, డాబా మీద మూత లేని డ్రమ్ము. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు. ప్రతి ఆదివారం అన్నీ బోర్లించండి, వారంలో ఒక్కరోజు చాలు గాని ఒక్క ఆదివారమూ తప్పకూడదు. తామర తొట్టి ఉంటే నాలుగు గప్పీ చేపలు వదలండి. పాముల మాటకొస్తే, చేలల్లో నీళ్ళు ఉన్నంత కాలం ఎలకలు మెరక వెతుక్కుంటూ ఇళ్ళ వైపు వస్తాయి, వాటి వెనక ఇవి. జెర్రిపోతు అయితే ఏం చెయ్యదు, మేలే. కట్లపాము అలా కాదు, రాత్రి తిరుగుతుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. చీకటి పడ్డాక టార్చి, కాళ్ళకి బూట్లు లేకుండా గడ్డిలోకి వెళ్ళకండి, డొక్కల కుప్పలో చెయ్యి పెట్టకండి. కాటు పడితే మంత్రాలూ కట్లూ కొయ్యడాలూ లేకుండా నేరుగా ఆసుపత్రికి. అందుకే కుర్చీ చుట్టూ ఇసుక పొయ్యమన్నాను.

కొత్త మొక్కలు ఎప్పుడు? ఇక్కడ నా మాట వినండి, దెబ్బలు తిని చెప్తున్నాను. నైరుతి వానలు తగ్గాక ఎండ కాస్తుంది, నేల ఆరుతుంది, దసరా సెలవులు, చేతులు దురద పెడతాయి. సరిగ్గా అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలవుతాయి. నేను కొత్త కోడలిగా వచ్చిన మరుసటి ఏడాది, 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి మా పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లలో నాలుగే నిలబడ్డాయి, తెల్లారి చూస్తే ఇంటి నుంచి గోదావరి గట్టు దాకా అడ్డు లేకుండా కనిపించింది. ఇప్పుడున్న ఏడింట్లో మూడు ఆ తరువాత పెట్టినవే. మొన్నటికి మొన్న 2025లో మోంథా అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. అన్ని ఏళ్ళూ ఇలాగే ఉండదు, కానీ వాన మాత్రం మూడు రోజులు పట్టుకునే వాయుగుండం ఒకటైనా వస్తుంది. ఒక ఏడాది అక్టోబరు నడుమ నలభై వంగ మొక్కలు ముచ్చటగా వరసలు తీసి నాటాను, వారానికి ముసురు పట్టింది, మిగిలింది ఆరు.

అందుకని నేను చేసేది ఇది. టమాట, వంగ, మిరప నారు సెప్టెంబరు చివర వసారాలో ట్రేలలో పోస్తాను, పదిహేను రోజులు ఆగి ఇంకో దఫా పోస్తాను. మొదటి దఫా నెల రోజులకి గట్టు మీద నాటుతాను, పోతే పోయాయి, రెండో దఫా చేతిలో ఉంటుంది. క్యాబేజీ, ముల్లంగి, పాలకూర, మెంతి నవంబరు వచ్చాకే. తోటకూర, గోంగూరకి ఈ నియమం లేదు, ఇప్పుడే చల్లండి, తోటకూర నెల్లోపే కోతకి వస్తుంది. కొత్తిమీర మాత్రం వాన చినుకులకి పడిపోతుంది, చూరు కింద సంచిలో పెట్టండి, ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. బంతి దసరాకి కావాలంటే ఆలస్యమైంది, మొగ్గ తొడిగిన మొక్కలు కొనుక్కోవడమే. ఇప్పుడు నారు పోస్తే కార్తీక దీపాలకి అందుతుంది.

అక్టోబరు రాగానే ఇంకో చిన్న పని: గెల వేసిన అరటికి వెదురు గడ ఊతం, కొబ్బరికి ఎండిన మట్టలు, ముదిరిన కాయలు దింపించడం. ఇంటి మీదికి వంగిన చెట్టు ఉంటే మరీ ముందు. తుపాను వార్త వచ్చాక దింపే మనిషి దొరకడు.

తినడం సంగతి మర్చిపోయాను, తోటలో ఆనందం అంటే నాకు సగం అదే. వాక్కాయలు ఇంకా ఉంటే పప్పులో వేసుకోండి, అయిపోయే రోజులు. బచ్చలి ఈ వానలకి కంచె మీద పాకి ఉంటుంది, కందా బచ్చలికి కంద మాత్రం బజారులో కొనండి, మీ కంద ఇంకా ఊరుతోంది, ఆకు పండి దానంతటది వాలిపోయే దాకా తవ్వకండి. పనస ఆకులు నాలుగేసి పట్టుకుని పుల్లలతో బుట్టలా కుట్టి ఇడ్లీపిండితో పొట్టిక్కలు వేసుకోండి, ఆ ఆకు వాసనకి ఇడ్లీపాత్ర మళ్ళీ అటకెక్కుతుంది. జామకాయలు ఇప్పటివి చప్పగా, పురుగుతో ఉంటాయి, బెంగపడకండి, చలికాలం కాపు బాగుంటుంది.

మీరు పెట్టిన ఫొటోలో ఎడమ పక్క కంచె మీద నీలం పువ్వుల తీగ శంఖుపువ్వే, పిచ్చి తీగ కాదు, ఉంచండి. కుడి వైపు గోడ వార నేల నల్లగా, నాచు పట్టినట్టు కనిపిస్తోంది, నాకు అక్కడే అనుమానంగా ఉంది. వచ్చే వానకి పుల్లలు గుచ్చాక ఇంకో ఫొటో పెట్టండి, రోడ్డు ఎటు వైపు ఉందో కూడా రాయండి, కాలవ ఎటు తీస్తే బాగుంటుందో చూసి చెప్తాను.